గ్లోరియా స్టూవర్ట్ సినిమా జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

1997లో వచ్చిన 'టైటానిక్' సినిమాలో ముసలి రోజ్ వేషం వేసిన 'టైటానిక్ బామ్మ' అనగానే అందరికీ ముఖం గుర్తొస్తుంది, పేరు గుర్తురాదు. పేరు తెలిసినవాళ్ళకేమో ఆ ముఖం 1932లో ఎలా ఉండేదో తెలీదు. పాత హాలీవుడ్ గురించి ఎవరితో మాట కలిపినా ఈవిడ దగ్గరికి వచ్చేసరికి అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. వరసగా చదవాల్సిన పని లేదు, కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

## ముందుగా అందరూ అడిగేవి

ఈవిడ నిజంగా టైటానిక్ ఓడ ఎక్కిందా?

లేదు. ఓడ మునిగింది 1912 ఏప్రిల్‌లో, అట్లాంటిక్‌లో. గ్లోరియా స్టూవర్ట్ పుట్టింది 1910 జులై 4న, పసిఫిక్ ఒడ్డున కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో. అప్పటికి ఆమెకి రెండేళ్ళు కూడా నిండలేదు. రోజ్ అనే పాత్ర పూర్తిగా కల్పితం. నిజంగా ఆ ఓడ ఎక్కి బతికి బయటపడ్డవాళ్ళలో చివరిదాకా ఉన్నది మిల్వినా డీన్. ప్రమాదం నాటికి రెండు నెలల పసిగుడ్డు, 2009లో కన్నుమూసింది.

గ్లోరియా స్వాన్సన్, గ్లోరియా గ్రాహమ్, ఈవిడా ఒకరేనా?

ముగ్గురూ వేరు. స్వాన్సన్ మూకీ సినిమాల కాలంలో మహారాణి. గ్రాహమ్ 1940లు, 50ల్లో వెలిగి ఆస్కార్ కూడా గెలుచుకుంది. స్టూవర్ట్ ఆ ఇద్దరికీ మధ్యకాలం మనిషి, 1930ల నటి. ముగ్గురిలో తక్కువ పేరొచ్చింది ఈవిడకే.

పెద్ద హీరోయినేనా, లేక చిన్న వేషాలు వేసేదా?

మధ్యరకం. పోస్టర్ మీద పేరు ఉండేది, కానీ ఆ పేరు చూసి టికెట్ కొనేవాళ్ళు తక్కువ. 1932 నుంచి 1939 దాకా నలభై దాకా సినిమాల్లో కనిపించింది. వాటిలో చాలావాటిలో ఆమె హీరోకి ప్రేయసి, డిటెక్టివ్‌కి తోడు, లేదంటే బాలనటి సినిమాలో ఆ పాప పక్కన నిలబడే అందమైన అమ్మాయి. నటించడానికి చోటున్న పాత్రలు ఒక చేతి వేళ్ళకి సరిపోతాయి. నాకు ఆసక్తి కలిగించింది కూడా ఇదే. స్టార్ల గురించి పుస్తకాలు బోలెడున్నాయి. స్టూడియో అనే ఫ్యాక్టరీ రోజూ ఎలా నడిచేదో తెలియాలంటే ఇలాంటి రెండో వరస మనిషినే చూడాలి.

## స్టూడియో గేటు దాకా

సినిమాల్లోకి ఎలా వచ్చింది?

నాటకాల ద్వారా. బర్కిలీలో యూనివర్సిటీ చదువు మధ్యలో ఆపేసి 1930లో గోర్డన్ న్యూవెల్ అనే శిల్పిని పెళ్ళి చేసుకుంది. ఇద్దరూ కార్మెల్ అనే సముద్రతీరపు ఊళ్ళో కాపురం పెట్టారు. కళాకారులు, రచయితలు తప్ప డబ్బున్నవాళ్ళు తక్కువ ఉండే ఊరు అప్పట్లో. ఆమె అక్కడ ఒక చిన్న పత్రికలో పనిచేస్తూ నాటకాలు వేసేది. 1932లో పాసడీనా ప్లేహౌస్‌లో చెహోవ్ 'ది సీగల్' వేసినప్పుడు పారామౌంట్, యూనివర్సల్ రెండు స్టూడియోల వాళ్ళూ వచ్చి చూశారు. రెండు వైపుల నుంచీ పిలుపు వచ్చింది.

బొమ్మా బొరుసూ వేసి స్టూడియో తేల్చారట, నిజమేనా?

నిజమే. పిల్ల మాదంటే మాదని రెండు స్టూడియోలూ పట్టుబట్టడంతో నాణెం ఎగరేశారు. యూనివర్సల్ గెలిచింది. ఆమె ఓడిపోయిందని నా అభిప్రాయం. అప్పటికి పారామౌంట్ పెద్ద సంస్థ, సొంత థియేటర్ల గొలుసు ఉన్న సంస్థ. యూనివర్సల్ ఎక్కువగా తక్కువ ఖర్చు సినిమాలు తీసేది, దానికి పేరు తెచ్చింది దయ్యాలు, రాక్షసులు. తన పేరు ఈరోజుకీ వినబడేది ఆ దయ్యాల సినిమాల వల్లే కాబట్టి నాణేన్ని మరీ తిట్టలేం.

అసలు పేరు అదేనా?

పుట్టినప్పుడు గ్లోరియా స్టూవర్ట్. మార్చింది ఇంటిపేరు స్పెల్లింగు మాత్రమే. తెలుగులో రాస్తే తేడా కనబడదు కానీ ఇంగ్లీషులో పాత స్పెల్లింగుకి ఏడు అక్షరాలు, కొత్తదానికి ఆరు. గ్లోరియాకీ ఆరే. థియేటర్ ముందు దీపాల బోర్డు మీద ఆరూ ఆరూ సరితూగి బాగుంటుందని అలా మార్చుకుంది. మనవాళ్ళు న్యూమరాలజీ అని అక్షరం కలుపుతారు, ఈవిడ చూపుకి అందంగా ఉంటుందని అక్షరం తీసేసింది.

## యూనివర్సల్ రోజులు

కాంట్రాక్టు అంటే నెలజీతమా? ఎలా ఉండేది?

వారానికి ఇంత అని జీతం. కాంట్రాక్టు ఏడేళ్ళదాకా ఉండేది, కానీ ఆ ఏడేళ్ళూ కట్టుబడాల్సింది నటే, స్టూడియో కాదు. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి 'ఆప్షన్' వచ్చేది. ఇష్టమైతే జీతం కాస్త పెంచి ఉంచుకుంటారు, లేకపోతే పంపించేస్తారు. మామూలుగా ఏడాదిలో 40 వారాలకే జీతం, మిగతా 12 వారాలు ఖాళీ. ఇచ్చిన పాత్ర వద్దంటే సస్పెన్షన్, ఆ సస్పెన్షన్ రోజులు మళ్ళీ కాంట్రాక్టు చివర కలిపేవాళ్ళు. అంటే కాదన్నకొద్దీ బంధం పొడుగయ్యేది. ఒలీవియా డి హావిలాండ్ అనే నటి కోర్టుకెక్కి 1944లో గెలిచాక గానీ ఆ లెక్క ఆగలేదు. అప్పటికి స్టూవర్ట్ చేతిలో స్టూడియో కాంట్రాక్టే లేదు.

మద్రాసు స్టూడియోల్లోనూ తొలిరోజుల్లో జీతం మీద పెట్టుకున్న నటులు ఉండేవాళ్ళు కాబట్టి మనకి ఈ పద్ధతి మరీ వింత కాదు.

యూనివర్సల్ నటి అయితే వార్నర్ సినిమాల్లో ఎలా కనబడుతుంది?

అద్దెకిచ్చేవాళ్ళు. 'లోన్ అవుట్' అని దానికి పేరు. ఒక స్టూడియో తన నటిని ఇంకో స్టూడియోకి ఒక సినిమా వరకు ఇస్తుంది, ఎక్కువ సొమ్ము పుచ్చుకుంటుంది, నటికి మాత్రం తన మామూలు జీతమే. తేడా యజమాని జేబులోకి. స్టూవర్ట్ మొదటి సినిమా 'స్ట్రీట్ ఆఫ్ విమెన్' కూడా ఇలా వార్నర్‌కి వెళ్ళి చేసిందే. జేమ్స్ కాగ్నీతో 'హియర్ కమ్స్ ద నేవీ' (1934), డిక్ పవెల్‌తో 'గోల్డ్ డిగ్గర్స్ ఆఫ్ 1935' కూడా వార్నర్‌వే.

ఆ నేవీ సినిమాలో కొంత భాగం అరిజోనా యుద్ధనౌక మీద తీశారు. 1941లో పెర్ల్ హార్బర్‌లో మునిగిన ఆ అరిజోనాయే. మునిగిన ఓడతో ఈవిడకి చుట్టరికం టైటానిక్ కంటే అరవై ఏళ్ళ ముందే మొదలైందన్నమాట.

'గోల్డ్ డిగ్గర్స్'లో హీరోయిన్ ఆవిడే అయినా జనం చూడటానికి వెళ్ళింది దర్శకుడు బస్బీ బర్క్‌లీ తిప్పిన 56 తెల్ల పియానోలని.

'ది ఓల్డ్ డార్క్ హౌస్'లో అంత వానలో ఆ పట్టు గౌను ఏమిటి?

చూసినవాళ్ళందరూ అడిగే ప్రశ్న. వెల్ష్ కొండల్లో తుఫాను రాత్రి, కారు బురదలో కూరుకుపోయి కొందరు ఒక పాడుబడ్డ ఇంట్లో తలదాచుకుంటారు. అందరూ తడిబట్టల్లో వణుకుతుంటే ఈవిడ గదిలోకి వెళ్ళి, ఒంటికి అతుక్కుపోయే తెల్లటి గౌను వేసుకొని వస్తుంది. షూటింగులో ఆమెకీ ఇదే అనుమానం వచ్చింది. దర్శకుడు జేమ్స్ వేల్‌ని అడిగితే, బోరిస్ కార్లాఫ్ నిన్ను నడవాల్లో తరుముతాడు, అప్పుడు నువ్వు తెల్లటి మంటలా కనబడాలి అన్నాడట. తర్కం లేదు, కానీ తెర మీద చూస్తే ఆయనే రైటు.

అదే బట్టలు మార్చుకునే సీన్లో ఇంటి ముసలావిడ వచ్చి ఆ గౌను బట్ట ముట్టుకొని, మంచి బట్టే కానీ కుళ్ళిపోతుంది అంటుంది. తర్వాత ఆమె గుండెల మీద చెయ్యి వేసి, ఇదింకా మంచిది, ఇదీ కుళ్ళుతుంది అంటుంది.  స్టూవర్ట్ వెనక్కి జరిగే తీరుతోనే సీను నిలబెట్టింది. అందం కోసం తెచ్చుకున్న నటితో వేల్ ఆ అందం మీదే హారర్ తీశాడు.

'ది ఇన్విజిబుల్ మ్యాన్'లో క్లాడ్ రెయిన్స్‌తో గొడవైందా?

గొడవ అనేంత లేదు. రెయిన్స్ లండన్ రంగస్థలం నుంచి వచ్చినవాడు, హాలీవుడ్‌లో ఆయనకి అది మొదటి పెద్ద సినిమా. సినిమా మొత్తం ముఖం కట్లలో, లేదా అసలు కనబడకుండా ఉంటుంది, చివర్లో తప్ప. అయినా ఇద్దరూ కలిసున్న సీన్లలో మెల్లగా జరుగుతూ ఆమెని కెమెరాకి వీపు వచ్చేలా తిప్పేసేవాడని స్టూవర్ట్ తర్వాత నవ్వుతూ చెప్పుకుంది. వేల్‌కి చెబితే ఆయన చిన్నపిల్లాణ్ణి మందలించినట్టు రెయిన్స్‌ని మందలించి మళ్ళీ తీసేవాడట. కనబడని మనిషికి కెమెరా ముందు చోటు కోసం పోటీ!

ఆమె యూనియన్ పెట్టిందని విన్నాను. ఏ యూనియన్?

స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్. 1933లో మొదలైంది, ఆమె తొలి సభ్యుల్లో ఒకరు. బీజం పడింది 'ఓల్డ్ డార్క్ హౌస్' సెట్లో. ఆ సినిమాలో ఇంగ్లండు నటులు ఎక్కువ. వాళ్ళు రోజూ పదకొండుకీ నాలుగుకీ టీ కోసం ఒకచోట చేరేవాళ్ళు, అమెరికన్లని పిలిచేవాళ్ళు కాదు. మిగిలింది స్టూవర్ట్, మెల్విన్ డగ్లస్. ఆ ఖాళీలో డగ్లస్ ఒకరోజు, యూనియన్ పెట్టుకుందామనుకుంటున్నాం, వస్తావా అని అడిగాడు. యూనియన్ అంటే ఏమిటని తను అడిగినట్టు ఆమే చెప్పింది. తెల్లవారకముందే మేకప్ కుర్చీలో కూర్చుని, రాత్రి ఎప్పుడు వదులుతారో తెలియని మనుషులకి ఆ మాట త్వరగానే అర్థమైంది. ఒక కప్పు టీకి పిలవకపోవడం వల్ల ఇంత జరిగింది. 1936లో హాలీవుడ్ యాంటీ నాజీ లీగ్ పెట్టినప్పుడూ రచయిత్రి డొరొతీ పార్కర్ లాంటివాళ్ళతో పాటు ముందుండి పనిచేసింది.

## ఫాక్స్, ఆ తర్వాత మానేయడం

రెండో పెళ్ళి ఎవరితో?

ఆర్థర్ షీక్‌మన్ అనే రచయితతో, 1934లో. మార్క్స్ బ్రదర్స్ అనే హాస్యనటుల జట్టుకి జోకులు రాసినవాడు, వాళ్ళలో ఒకడైన గ్రౌచో మార్క్స్‌కి ఆప్తమిత్రుడు. 'రోమన్ స్కాండల్స్' (1933) సెట్లో పరిచయం. ఆ సినిమాలో ఆమె వేసింది సిల్వియా అనే రాకుమారి పాత్ర. 1935లో పుట్టిన కూతురికి ఆ పేరే పెట్టారు.

యూనివర్సల్ వదిలి ఫాక్స్ స్టూడియోకి వెళ్ళాక కూడా ఎందుకు ఎదగలేదు?

అక్కడ రాణి ఒక చిన్నపిల్ల కాబట్టి. షిర్లీ టెంపుల్ సినిమాలు స్టూడియోకి కనకవర్షం కురిపిస్తున్న రోజులవి. స్టూవర్ట్‌కి 'పూర్ లిటిల్ రిచ్ గర్ల్' (1936), 'రెబెక్కా ఆఫ్ సన్నీబ్రూక్ ఫామ్' (1938) వచ్చాయి. రెండింట్లోనూ పాప ఆడిపాడుతుంటే ముచ్చటపడే పెద్దమ్మాయి పాత్ర. దర్శకుడు జాన్ ఫోర్డ్ ఒక్కడు మాత్రం 'ద ప్రిజనర్ ఆఫ్ షార్క్ ఐలాండ్' (1936)లో చేతినిండా పని ఇచ్చాడు. లింకన్ హంతకుడి కాలికి కట్టుకట్టి జైలు పాలైన డాక్టర్ మడ్ భార్య పాత్ర అది. అందం తక్కువై ఆమె ఆగిపోలేదు. అందం తప్ప ఇంకేమీ అడగని పాత్రలే వచ్చాయి.

సినిమాలు ఆవిడ మానేసిందా, వాళ్ళే తీసేశారా?

రెండూ. 1939లో ఫాక్స్ కాంట్రాక్టు ముగిసింది. భార్యాభర్తలు ప్రపంచయాత్రకి బయల్దేరారు. ఆసియా, ఈజిప్టు, ఇటలీ తిరిగి ఫ్రాన్సు చేరేసరికి యుద్ధం మొదలైంది. అమెరికా ఓడ పట్టుకొని న్యూయార్క్ చేరారు. అక్కడ నాటకాల్లో ప్రయత్నించింది. ఆ తర్వాత హాలీవుడ్ తిరిగొచ్చి నాలుగు చిన్న సినిమాలు చేసింది, చివరిది 1946లో. వాటి గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

## సినిమాలు లేని ముప్పై ఏళ్ళు

ఇన్నేళ్ళూ ఒక్క ఛాన్స్ కోసం ఎదురుచూస్తూ కూర్చుందా?

ఈ కథే అందరూ చెబుతారు, నాకు నచ్చనిదీ ఇదే. ఎదురుచూసే తీరిక ఆమెకి ఎక్కడుంది? లాస్ ఏంజెలస్‌లో లా సియెనెగా రోడ్డు మీద షాపు పెట్టింది. కాగితపు బొమ్మలు కత్తిరించి బల్లల మీద, దీపాల మీద, అద్దాల చట్రాల మీద అతికించి, పైన వార్నిష్ పూతలు వేసి అమ్మేది. 1954లో పారిస్‌లో ఇంప్రెషనిస్టుల బొమ్మలు చూసి, నేనూ వేస్తాననుకుని ఎవరి దగ్గరా నేర్చుకోకుండా మొదలుపెట్టింది. 1961లో న్యూయార్క్ హ్యామర్ గ్యాలరీస్‌లో సొంత ప్రదర్శన జరిగింది. బోన్సాయ్ కూడా శ్రద్ధగా నేర్చుకుంది. ఇవన్నీ ఖాళీ నింపుకోవడం కాదు, ఒక్కొక్కటీ ఏళ్ళ తరబడి చేసిన పని.

ప్రింటింగ్ ప్రెస్సు సంగతి ఏమిటి?

షీక్‌మన్ 1978లో పోయాడు. 1983 ప్రాంతంలో వార్డ్ రిచీ అనే పాత స్నేహితుడు మళ్ళీ కలిశాడు. పుస్తకాల ముద్రణలో అమెరికా అంతా పేరున్న మనిషి. ఆయన దగ్గర డెబ్భై దాటిన వయసులో అచ్చు పని నేర్చుకుంది. సీసపు అక్షరాలు ఒక్కొక్కటీ వేళ్ళతో ఏరి స్టిక్కులో పేర్చాలి, వరస తలకిందులుగా చదవాలి. మన పాత ప్రెస్సుల్లో కంపోజిటర్ల చేతులు చూసినవాళ్ళకి ఈ పని ఎంత ఓపిక తింటుందో తెలుసు. తర్వాత తనే సొంత చేతిప్రెస్సు కొనుక్కుని, 'ఇంప్రెంటా గ్లోరియాస్' అని పేరు పెట్టి, బొమ్మలూ అక్షరాలూ తనవే అయిన పుస్తకాలు కొద్దికొద్ది కాపీలు వేసింది. అవి ఇప్పుడు పెద్ద మ్యూజియంల సేకరణల్లో ఉన్నాయి.

మధ్యలో అసలు నటించనే లేదా?

1975 నుంచి టీవీలో చిన్న వేషాలు వేసింది. 1982లో 'మై ఫేవరెట్ ఇయర్'లో పీటర్ ఓటూల్‌తో ఒక డాన్సు చేసింది. ఒక్క మాట కూడా లేదు, కానీ చూసినవాళ్ళు ఆ నిమిషం మర్చిపోరు.

## టైటానిక్

86 ఏళ్ళ మనిషికి ముసలి మేకప్ ఎందుకు?

పాత్ర వయసు నూరు దాటబోతోంది కాబట్టి. ఆవిడ చూడటానికి అంత ముసలిగా లేదు! మరిన్ని ముడతలు అతికించడం తనకి అస్సలు నచ్చలేదని ఆమే చెప్పింది. ఆ తర్వాత తను కూడా సరిగ్గా నూరేళ్ళు నింపుకుని, 2010 సెప్టెంబర్ 26న కన్నుమూసింది.

కుమ్మరి చక్రం సీను ఆమె జీవితం నుంచి తీసుకున్నదా?

కాదు. ముసలి రోజ్ మట్టిచేతులతో కుండ చేస్తూ టీవీలో వార్త వింటుంది కదా, అది బియాట్రిస్ వుడ్ అనే శతాధిక వయస్కురాలైన కుండల కళాకారిణి ఛాయ. దర్శకుడు జేమ్స్ కామెరాన్ వుడ్ ఆత్మకథ చదువుతూ పాత్రలో కొంత అలా కలిపాడు. కానీ ఆ సీను చూసినప్పుడల్లా నా దృష్టి ఆ చేతుల మీదకే పోతుంది. చక్రం మీద ఆడే చేతులు పని తెలిసిన చేతులు. అక్షరాలు పేర్చీ, బొమ్మలు వేసీ అరిగినవి.

ఆస్కార్ వచ్చిందా?

నామినేషన్ వచ్చింది, ఉత్తమ సహాయనటిగా. బహుమతి కిమ్ బేసింగర్‌కి వెళ్ళింది. అయితే అప్పటికి నటనకి నామినేట్ అయినవాళ్ళలో అందరికంటే పెద్ద వయసు ఈవిడదే, 87. ఆ రికార్డు 2018లో 88 ఏళ్ళ క్రిస్టఫర్ ప్లమర్ దాకా నిలిచింది. ఒకే సినిమాలో ఒకే పాత్రకి ఇద్దరు (కేట్ విన్‌స్లెట్, స్టూవర్ట్) నామినేట్ కావడం కూడా అదే మొదటిసారి. స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అవార్డులో మాత్రం బేసింగర్‌తో సమానంగా నిలిచి ఇద్దరూ పంచుకున్నారు. తను యువతిగా ఉన్నప్పుడు నిలబెట్టిన యూనియన్ ఇచ్చిన అవార్డు అది. ఆస్కార్ రాలేదని జాలిపడేవాళ్ళకి నేను ముందు చెప్పేది ఈ సంగతే.

హైస్కూల్లోనే పైకొస్తుందని చెప్పారట?

1927లో శాంటా మోనికా హైస్కూల్లో, జీవితంలో పైకొచ్చే అమ్మాయి ఎవరంటే తోటి పిల్లలు ఈవిడకే ఓటేశారు. ఇంత ఆలస్యమవుతుందని అప్పుడు తెలీదని టైటానిక్ తర్వాత జోకేసింది.

## ఇప్పుడు చూడాలంటే

ఒక్క పాత సినిమా చూడాలంటే ఏది?

'ది ఓల్డ్ డార్క్ హౌస్'. నిడివి గంటంపావు కూడా ఉండదు. ఒకప్పుడు ఇది పోయిందనే అనుకున్నారు. వేల్ స్నేహితుడు కర్టిస్ హారింగ్టన్ పట్టు వదలకుండా వెతికి 1968లో యూనివర్సల్ గిడ్డంగిలో నెగటివ్ పట్టుకున్నాడు. 2017లో శుభ్రం చేసిన కొత్త ప్రతి వచ్చింది, దొరికితే అదే చూడండి. పాత ప్రతుల్లో చీకటి అంతా బూడిదలా ఉంటుంది.

అందులో ఒక సీను ఉంది. ఆమె గదిలో ఒక్కతే మిగులుతుంది. భయం పోగొట్టుకోవడానికి దీపం వెలుగులో చేతులతో గోడ మీద నీడబొమ్మలు ఆడించుకుంటుంది, చిన్నప్పుడు కరెంటు పోతే మనం చేసినట్టే. ఆ నీడల పక్కకి గోడ మీద ఇంకొకరి నీడ వస్తుంది. ఆమె గిరుక్కున తిరిగి చూస్తుంది, గదిలో ఎవరూ ఉండరు.